మా ఊరి లైబ్రరీ భవనం ఎప్పటిది, ఎవరిది? కూల్చేస్తామంటున్నారు, ఎక్కడ వెతకాలో చెప్పండి

కాలువగట్టు
తెనాలి దగ్గర కాలువ మీదున్న చిన్న టౌను మాది. ఊరి పేరు ఇప్పుడు రాయను, వ్యవహారం ఇంకా ఆఫీసుల్లో నలుగుతోంది. బస్టాండుకీ కూరగాయల మార్కెట్టుకీ మధ్య మా శాఖా గ్రంథాలయం ఉంది. ముందు వరండా, గుండ్రటి స్తంభాలు, లోపల పెద్ద హాలు, రెండు పక్కలా చిన్న గదులు, వెనక ఖాళీ స్థలంలో ఒక బావి. కప్పు ఒక మూల కారుతోంది. పోయిన నెల మున్సిపాలిటీ వాళ్ళు గోడకి కాగితం అంటించారు. భవనం శిథిలమైందట, తీసేసి షాపింగ్ కాంప్లెక్స్ కడతారట, లైబ్రరీకి రెండో అంతస్తులో ఒక హాలు ఇస్తారట. పొద్దున్నే పేపరు కోసం వచ్చేవాళ్ళలో సగం మంది డెబ్బై దాటినవాళ్ళు. వాళ్ళు రెండంతస్తులు ఎలా ఎక్కుతారు?

అభ్యంతరం చెబుదామని వెళ్తే "ఈ భవనం ఎవరిదో మీ దగ్గర కాగితం ఉందా" అని అడిగారు. లేదు. ఊళ్ళో అడిగితే తలా ఒక కథ. మిరపకాయల వ్యాపారి ఒకాయన స్థలం దానం ఇచ్చాడని ఒకరంటారు. కాదు జమీందారు కట్టించాడని ఇంకొకరు. తెల్లదొర కలెక్టరు కట్టించాడని మూడో ఆయన ఒట్టేసి చెబుతాడు. గుమ్మం పైన రాతి ఫలకం ఉంది కానీ ఏటా సున్నం వేసి వేసి అక్షరాలు పూడిపోయాయి. "నామ సంవత్సర మాఘ" అన్నంత వరకే తెలుస్తోంది. ఇలాంటి భవనం చరిత్ర పట్టుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

బ్రాడీపేట_2వలైను
ముందు ఫలకం ఫోటో పెట్టు తమ్ముడూ. మిగతావి తర్వాత.

సున్నంబట్టీ
ఫోటో కంటే ముందు ఒక జాగ్రత్త. ఉలి, చాకు, యాసిడ్ ఏవీ ముట్టించొద్దు. మన వైపు ఫలకాలు ఎక్కువగా నాపరాయి. అది కూడా సున్నపురాయి జాతే, యాసిడ్ పోస్తే పైన సున్నంతో పాటు కింద అక్షరం కూడా పోతుంది. తడిగుడ్డ కప్పి ఉంచండి, పొర మెత్తబడుతుంది. వెదురుపుల్లతో నెమ్మదిగా తీయండి. చీకటి పడ్డాక టార్చి ఎదురుగా కాకుండా పక్క నుంచి, రాతికి దాదాపు ఆనించి వెయ్యండి. గుంటల్లో నీడ పడి అక్షరాలు తేలతాయి. గుళ్ళలో శాసనాలు చదివేవాళ్ళు చేసేదీ ఇదే.

బెజవాడ_బాబాయ్
దొర కట్టించాడన్న కథ నాకు నమ్మబుద్ధి కావడం లేదు. మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పాత లైబ్రరీలు చాలావరకు ఊరివాళ్ళు చందాలు పోగేసి పెట్టుకున్నవే. 1914 ఏప్రిల్ 10న రామమోహన గ్రంథాలయం వాళ్ళు బెజవాడలో ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల ప్రతినిధులందర్నీ పిలిచి సభ పెట్టారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షులు. చూపు సరిగా లేని మనిషి, పుస్తకాల కోసం పెట్టిన సభకి పెద్దగా కూర్చున్నారు. నడిపించింది అయ్యంకి వెంకటరమణయ్య గారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అక్కడే పుట్టింది. దేశంలో అలాంటి సంఘం అదే మొదటిది. మరుసటి ఏడాది 'గ్రంథాలయ సర్వస్వము' అని పత్రిక పెట్టారు.

ఇంకోటి. నవంబరు 14 నుంచి వారం రోజులు గ్రంథాలయ వారోత్సవాలు చేస్తారు కదా, నెహ్రూ గారి పుట్టినరోజు కాబట్టి అనుకుంటారు చాలామంది. 1919 నవంబరు 14న మద్రాసులో మొదటి అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరిగింది. ఆ తేదీ అది. దాని వెనకా మన అయ్యంకి గారే ఉన్నారు.

గ్రూప్2_సాధన
నేను వేరే మాట చెబుతాను, కోప్పడకండి. ఇప్పుడు లైబ్రరీల్లో ఎక్కువసేపు కూర్చునేది మాలాంటివాళ్ళం. ఒక ఫ్యాను తిరిగితే ఇంకోటి తిరగదు. వాన వస్తే కుర్చీ జరుపుకోవాలి. ప్రైవేటు స్టడీ హాలుకి నెలనెలా డబ్బు కట్టలేకే అక్కడికి వస్తున్నాం. కొత్త భవనం, మంచి లైట్లు, ఛార్జింగ్ పాయింట్లు, శుభ్రమైన బాత్రూమ్ ఇస్తామంటే ఎందుకు వద్దనాలి? పాత గోడల మీద మీకు ప్రేమ ఉంది, మాకు నోటిఫికేషన్ టెన్షన్ ఉంది.

తెనాలి_అక్క
బాత్రూమ్ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. ఆడపిల్లలు లైబ్రరీకి రాకపోవడానికి సగం కారణం అదే. అయితే "కొత్తది కడతాం" అన్న మాట వెనక ఏం జరుగుతుందో నేను కళ్ళారా చూశాను. మా దగ్గర ఒక లైబ్రరీని కొన్నాళ్ళ కోసమని అద్దె గదిలోకి మార్చారు. పాత చోట షట్టర్లు లేచాయి, సెల్ ఫోన్ కొట్లు వచ్చాయి. లైబ్రరీ మాత్రం ఇంకా ఆ అద్దె గదిలోనే ఉంది. పుస్తకాలు గోనెసంచుల్లో కట్టి అటక మీద పెట్టారు. తమ్ముడూ, ఆ రెండో అంతస్తు హాలు నీ నోటిఫికేషన్ లోపల వస్తుందని ఎవరు హామీ ఇస్తారు?

గ్రూప్2_సాధన
హామీ ఎవరూ ఇవ్వరక్కా. అది ఒప్పుకుంటాను. కానీ కారే కప్పుకి కూడా ఎవరూ హామీ ఇవ్వడం లేదు కదా.

దస్తావేజులు
అసలు పనిలోకి వద్దాం. స్థలం దానం ఇచ్చినా, అమ్మినా రిజిస్టరు అయ్యే ఉంటుంది. స్థిరాస్తి దానానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని 1882 ఆస్తి బదిలీ చట్టంలోనే ఉంది. రిజిస్టరైన ప్రతి స్థిరాస్తి దస్తావేజు నకలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో 1వ పుస్తకంలో ఉంటుంది. దానికి రెండు సూచికలు. ఇండెక్స్ 1 మనుషుల పేర్ల మీద, ఇండెక్స్ 2 ఆస్తి ఉన్న చోటు మీద. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం ఫీజు కట్టి ఎవరైనా వీటిని చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. వారసులే రావాలి, యజమానే రావాలి అని ఎవరైనా అంటే ఆ సెక్షన్ చూపించండి.

ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) మీద ఆశ పెట్టుకోవద్దు. కంప్యూటర్లోకి ఎక్కినవి 1983 నుంచే. అంతకుముందువి చేత్తో తిరగేయాల్సిందే. మీ ఊళ్ళో ఆ రోజుల్లో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు లేకపోతే పాత పుస్తకాలు అప్పటి పెద్ద ఆఫీసులో ఉంటాయి, ముందు అది కనుక్కోండి.

కేటలాగు_కార్డు
గ్రంథాలయ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. దస్తావేజులు గారు చెప్పింది సరైన దారి. దానికి నా వైపు నుంచి కొంత.

మొదటిది, భవనం వయసూ లైబ్రరీ వయసూ ఒకటి కావు. పాత లైబ్రరీలన్నీ ఎవరి ఇంటి అరుగు మీదో, సత్రంలోనో, గుడి మంటపంలోనో, కొట్టు మేడ మీదో మొదలయ్యాయి. భవనం తర్వాత వచ్చింది. కాబట్టి ఫలకం మీది ఏడాది చూసి లైబ్రరీ అప్పుడే పుట్టిందని రాసేయకండి.

రెండోది, లోపల బీరువాల్లో అన్నిటికంటే పాత పుస్తకాలు తీసి మొదటి పేజీ, మధ్యలో ఒకటి రెండు పేజీలు చూడండి. కోడిగుడ్డు ఆకారంలో ఊదారంగు రబ్బరు ముద్ర ఉంటుంది. అందులో ఆ సంస్థ అసలు పేరు ఉంటుంది. ఇప్పుడు శాఖా గ్రంథాలయం అంటున్నదానికి అప్పుడు వేరే పేరు ఉండి తీరుతుంది. ఆ పేరు లేకుండా ఇండెక్స్ 1లో ఏమీ దొరకదు.

మూడోది, అక్సెషన్ రిజిస్టరు. ప్రతి పుస్తకానికీ నంబరు, వచ్చిన తేదీ, ధర, కొన్నదా ఇచ్చిందా అన్నది ఉంటుంది. పాత రిజిస్టరు ఎలకలు కొట్టకుండా ఉంటే మీ అదృష్టం. లైబ్రేరియన్ గారిని మర్యాదగా అడగండి, ఆయన మీద ఉద్యోగాల ఖాళీల వల్ల ఇంకో లైబ్రరీ భారం కూడా ఉండొచ్చు.

బ్రాడీపేట_2వలైను
ఊదారంగు ముద్ర! మా కాలంలో ముద్ర ఎప్పుడూ కథలో హంతకుడు ఎవరో చెప్పే పేజీ మీదే పడేది. చిన్నప్పుడు ఆ లైబ్రేరియన్ గారి మీద నాకు అనుమానం ఉండేది.

తెనాలి_అక్క
ముద్ర నయం. ఆఖరి పేజీ చింపుకుపోయినవాళ్ళని ఏం చెయ్యాలి?

కాలువగట్టు
అందరికీ థాంక్స్. సున్నంబట్టీ గారు చెప్పినట్టే చేశాం. రాత్రి టార్చి పక్క నుంచి వేసేసరికి మొత్తం కనిపించింది. "యువ నామ సంవత్సర మాఘ శుద్ధ పంచమి", దాని కింద "పుస్తక భాండాగారము". అంతే. దాత పేరు లేదు, దొర పేరు లేదు, జమీందారు పేరు లేదు.

మిర్చియార్డు_కుర్రాడు
యువ అంటే 1995 కదా? మా అన్నయ్య పుట్టింది యువలోనే. మరీ అంత కొత్త భవనమా?

పంచాంగం
అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది బాబూ. 1995-96 యువ, దానికి ముందు 1935-36, ఇంకా ముందు 1875-76. స్తంభాల వరండా ఉన్న భవనం 1995ది కాదు. 1875 అనుకుందామంటే మన వైపు పౌర గ్రంథాలయాలు అంత ముందు లేవు, విశాఖపట్నంలో మొదలైందే 1886లో అంటారు. కాబట్టి నడిమిదే.

ఇంకో మెలిక ఉంది. యువ 1935 ఉగాదికి మొదలైంది కాబట్టి 1935 అని రాసేస్తారు, అక్కడ పొరపాటు పడొద్దు. మాఘం వచ్చేది జనవరి, ఫిబ్రవరి నెలల్లో. అంటే ఇంగ్లీషు లెక్కకి 1936. ఆ ఏడాది మాఘ శుద్ధ పంచమి జనవరి ఆఖరి వారంలో పడింది. అది శ్రీపంచమి. పిల్లలకి అక్షరాభ్యాసాలు చేసే రోజు. లైబ్రరీకి ఆ ముహూర్తం పెట్టినవాళ్ళు ఊరికే పెట్టలేదు.

బెజవాడ_బాబాయ్
1936 అంటే ఒళ్ళు పులకరిస్తోంది. దానికి ముందటి ఏడాదే, 1935లో, పాతూరి నాగభూషణం గారు పెదపాలెం నుంచి పడవ మీద గ్రంథాలయం నడిపారు. మీ వైపు కాలువల మీదే. అప్పుడు రోడ్ల కంటే పడవల మీదే జనం ఎక్కువ తిరిగేవాళ్ళు. ప్రయాణం చేసేవాళ్ళు పడవలో కూర్చుని చదువుకునేవారు, గట్టు మీది ఊళ్ళవాళ్ళూ పుస్తకాలు తీసుకునేవారు. అంటే ఆ రోజుల్లో మీ కాలువ చుట్టుపక్కల లైబ్రరీ పిచ్చి బాగా ఎక్కి ఉంది. మీ ఊరి భవనం ఆ వేడిలో లేచిందే అయ్యుంటుంది.

దస్తావేజులు
అయ్యుంటుంది అని రాసి ఆఫీసులో ఇస్తే వెనక్కి పంపుతారు బాబాయ్ గారూ. పడవ సంగతి గొప్పదే, కానీ ఈ భవనానికీ దానికీ సంబంధం ఉన్నట్టు కాగితం దొరికేదాకా పక్కన పెడదాం.

బెజవాడ_బాబాయ్
పక్కన పెట్టండి, పారేయకండి.

పల్లె_చివర
ఇంతవరకు అందరూ చందాలు, సభలు, పెద్దల గురించి చెప్పారు. మా తాతయ్య సంగతి కూడా ఒకటి రాస్తాను. మాది ఇదే డెల్టాలో వేరే ఊరు. ఊరి లైబ్రరీలో సాయంత్రం ఒకాయన పేపరు పైకి చదివేవాడట, చదువు రానివాళ్ళు చుట్టూ కూర్చుని వినేవాళ్ళు. మా తాతయ్య వాళ్ళు వరండా కిందే, మెట్ల దగ్గర నిలబడి వినాలి. లోపల బల్ల దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఆయన అక్షరాలు వేరే చోట, మిషను బడిలో నేర్చుకున్నాడు. తర్వాత జీవితమంతా పేపరు చదవని రోజు లేదు. లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చున్న మొదటి రోజు గురించి ఎన్నిసార్లు చెప్పాడో.

ఊరివాళ్ళు కట్టారు అంటున్నారు. ఆ ఊరివాళ్ళలో ఎవరున్నారు, ఎవరు మెట్ల కింద ఉన్నారు అన్నది కూడా చరిత్రలో రాయండి. భవనం ఉండాలనే నేనూ అంటాను. మా తాతయ్య కూర్చున్న కుర్చీ లాంటివి అలాంటి చోట్లే ఉన్నాయి.

కేటలాగు_కార్డు
పల్లె_చివర గారు రాసింది అందరూ చదవాలి. గ్రంథాలయ ఉద్యమం పెద్దలు "అందరికీ పుస్తకం" అని సభల్లో చెప్పిన మాట నిజం. ఊళ్ళో గుమ్మం దగ్గర జరిగింది వేరు, ఊరికొక తీరు. కొన్నిచోట్ల పల్లెల్లోకి పుస్తకాలు పట్టుకెళ్ళినవాళ్ళూ ఉన్నారు. కానీ చందాలతో నడిచే లైబ్రరీలో చందా ఇచ్చినవాడిదే మాట. ప్రజల పన్నుతో నడిచే లైబ్రరీ వచ్చాకే ఎవరి దయా అక్కర్లేకుండా లోపలికి వెళ్ళే హక్కు వచ్చింది. 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది, ఎస్.ఆర్. రంగనాథన్ గారి కృషి అది. జిల్లాకో స్థానిక గ్రంథాలయ సంస్థ, ఇంటిపన్ను మీద గ్రంథాలయ పన్ను. తర్వాత 1960లో మన రాష్ట్రానికి సొంత చట్టం. ఈ మధ్య కాలంలోనే ఊళ్ళ సొంత లైబ్రరీలు చాలావరకు భవనంతో, బీరువాలతో సహా జిల్లా సంస్థకి అప్పగించారు. కాలువగట్టు గారూ, మీ భవనం కథలో అసలు ముడి అక్కడుంటుంది. కట్టినప్పుడు ఎవరిది అన్నది ఒక ప్రశ్న, అప్పగించినప్పుడు ఎవరికి అప్పగించారు అన్నది రెండోది. మీకు రెండోది ఎక్కువ అవసరం.

మిర్చియార్డు_కుర్రాడు
గ్రంథాలయ పన్ను మనం ఇప్పటికీ కడుతున్నామా?

కేటలాగు_కార్డు
కడుతున్నారు. ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు. పన్ను 3000 అయితే అందులో 240 లైబ్రరీది. మీ రసీదులో ఆ వరస చూడండి. మున్సిపాలిటీ, పంచాయతీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చేయాలి. వసూలైతే అవుతుంది, జమ మాత్రం చాలాచోట్ల ఏళ్ళ తరబడి బకాయి. లైబ్రరీలో కొత్త పుస్తకాలు ఎందుకు లేవని లైబ్రేరియన్ మీద అరిచేవాళ్ళు ఈ బకాయి ఎంతో ఒకసారి అడగాలి.

గ్రూప్2_సాధన
ఇది నాకు తెలియదు. మా ఫ్యాను డబ్బులు అక్కడున్నాయన్నమాట. సమాచార హక్కు దరఖాస్తు నేను రాస్తాను. పాలిటీ సబ్జెక్టులో చదివింది ఎక్కడో ఒకచోట వాడాలిగా. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

తెనాలి_అక్క
ఇది బాగుంది. ఒక దరఖాస్తు మున్సిపాలిటీకి: గ్రంథాలయ పన్ను ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు. ఇంకోటి జిల్లా సంస్థకి: వాళ్ళ స్థిరాస్తుల రిజిస్టరులో ఈ భవనం ఉందా, ఉంటే ఏ కాగితం మీద ఎక్కింది. ప్రశ్నలు చిన్నగా, ఒక్కోటి ఒక్కో వాక్యంలో రాయి తమ్ముడూ. ఎందుకు అని అడిగితే జవాబు చెప్పరు, కాగితం అడిగితే ఇవ్వాలి.

అరుగు_మీద_పేపరు
ప్రారంభోత్సవం వార్త పత్రికల్లో వచ్చి ఉండొచ్చు. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రికల్లో ఊళ్ళ సమాచారాలు వేసేవారు. పాత సంచికలు ప్రెస్ అకాడమీ వాళ్ళు స్కాన్ చేసి నెట్‌లో పెట్టారు. తేదీ తెలిసింది కాబట్టి 1936 జనవరి ఆఖరు, ఫిబ్రవరి మొదలు చూస్తే చాలు. స్కాన్‌లో పేజీ లేకపోతే వేటపాలెం వెళ్ళండి. సారస్వత నికేతనంలో పాత పత్రికలు ఉన్నన్ని ఇంకెక్కడా చూడలేదు నేను. 1918లో పెట్టిన లైబ్రరీ. వాళ్ళ భవనానికి 1929లో గాంధీ గారు శంకుస్థాపన చేశారు, ఆయన చేతికర్ర ఇంకా అక్కడే ఉంది. అప్పుడది గుంటూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022 నుంచి బాపట్ల. జిల్లా మారింది, లైబ్రరీ చోటు మారలేదు. తెనాలి నుంచి చీరాల వైపు వెళ్ళే రైలెక్కితే సరిపోతుంది.

బ్రాడీపేట_2వలైను
పత్రికలు తిరగేసేటప్పుడు వత్తొద్దు. ఆ కాలం న్యూస్‌ప్రింట్ అంచులు అప్పడంలా విరుగుతాయి. ఫోటో తీసుకోండి, ఫ్లాష్ వద్దు.

కాలువగట్టు
కొత్త సంగతులు. వరసగా చెబుతాను.

బీరువా అడుగున ఉన్న పాత పుస్తకాల్లో ముద్ర దొరికింది. లైబ్రరీకి అప్పుడు వేరే పేరు ఉంది, అందులో మా ఊళ్ళో ఎవరికీ గుర్తులేని ఒక సంఘం పేరు. ఆ పేరు పట్టుకుని రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళాం. మా ఊరి పాత పుస్తకాలు నిజంగానే వేరే ఆఫీసులో ఉన్నాయి. మొదట ఇండెక్స్ 1లో వ్యాపారి ఇంటిపేరు, జమీందారు ఇంటిపేరు వెతికాం. ఏమీ లేదు. సంఘం పేరుతోనూ దొరకలేదు. అప్పుడు అక్కడి గుమాస్తా ఒకాయన, పాపం మంచి మనిషి, ఇండెక్స్ 2లో వీధి, హద్దుల ప్రకారం చూద్దాం అన్నాడు. తూర్పు కాలువ గట్టు, పడమర రాజవీధి. దొరికింది.

దాన దస్తావేజు కాదు. క్రయ దస్తావేజు. ఫలకానికి రెండేళ్ళ ముందుది. స్థలాన్ని కొన్నది లైబ్రరీ కార్యదర్శి, సంఘం తరఫున, చందాగా వసూలైన సొమ్ముతో. అమ్మిన ఆయన మామూలు రైతు. కొన్నది కార్యదర్శి సొంత పేరు మీద ఎక్కింది కాబట్టి సంఘం పేరుతో సూచికలో తగల్లేదు.

ఊళ్ళో ఈ మాట చెబితే మొదట ఎవరూ నమ్మలేదు. ఇన్నేళ్ళూ ఎవరో మహానుభావుడు ఇచ్చాడనుకున్నాం. ఎవరూ ఇవ్వలేదు, ఊరే కొనుక్కుంది. నాకు ఇది దానం కథ కంటే గొప్పగా అనిపిస్తోంది.

పల్లె_చివర
చందాదారుల జాబితా ఏమైనా దస్తావేజులో ఉందా?

కాలువగట్టు
పేర్లు లేవండి. మినిట్స్ పుస్తకం దొరికితే ఉండొచ్చు, కార్యదర్శి గారి మనవళ్ళ ఇంట్లో వెతికిస్తున్నాం. మీరు రాసిన సంగతి మర్చిపోలేదు. ఊళ్ళో రెండు పేటల పెద్దవాళ్ళనీ కూర్చోబెట్టి ఎవరు ఎప్పుడు లోపలికి వెళ్ళగలిగారో ఫోన్లో రికార్డు చేస్తున్నాం. అది కూడా ఇందులో భాగమే.

దస్తావేజులు
క్రయ దస్తావేజు మంచిదే, కానీ సంబరపడి ఆగొద్దు. దానపత్రం అయితే "లైబ్రరీకి తప్ప వాడకూడదు" అన్న షరతు దొరికేది. ఇందులో అది ఉండదు. కార్యదర్శి సొంత పేరు మీద ఉంది కాబట్టి రేపు వారసులు "మా తాతది" అనే ప్రమాదం కూడా ఉంది. సంఘం సొమ్ముతో, సంఘం తరఫున కొన్నట్టు దస్తావేజులోనే రాసి ఉండటం మీకు బలం. ఆ వాక్యం ఉన్న పేజీకి సర్టిఫైడ్ నకలు తీసుకున్నారా? జిరాక్స్ సరిపోదు.

కాలువగట్టు
మొత్తం దస్తావేజుకి తీసుకున్నాం. వారసులతో మాట్లాడాం, వాళ్ళు రాతపూర్వకంగా మాకేమీ అభ్యంతరం లేదని ఇస్తామన్నారు. ఆ ఇంటి పెద్దావిడ అయితే, మా మామగారు దాచింది ఊరి కోసమే ఉండాలి అని ఒక్క మాట అని కాఫీ ఇచ్చింది.

గ్రూప్2_సాధన
జిల్లా సంస్థ నుంచి జవాబు వచ్చింది. ఈ భవనం, స్థలం వాళ్ళ స్థిరాస్తుల రిజిస్టరులో ఉన్నాయి. పాత సంఘం తీర్మానం చేసి అప్పగించినట్టు కాగితం నకలు కూడా జతచేశారు. మున్సిపాలిటీ పేరు ఎక్కడా లేదు. అంటే ఆ గోడకి అంటించిన కాగితం వాళ్ళది కాని ఆస్తి గురించి. పన్ను బకాయి దరఖాస్తుకి ఇంకా జవాబు రాలేదు, గడువు దాటితే అప్పీలు వేస్తాను.

కానీ నా మొదటి మాట మీదే ఉన్నాను. కప్పు బాగుచేయకుండా చరిత్ర గెలిచిందని చేతులు దులుపుకుంటే మాకు ఒరిగేదేం లేదు.

తెనాలి_అక్క
నువ్వు చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు. ఇప్పుడు అదే మాట్లాడాలి.

సున్నంబట్టీ
లోపల పైకి చూస్తే ఏం కనిపిస్తోంది? దూలాలా, స్లాబా?

కాలువగట్టు
టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా దగ్గర దగ్గరగా సన్న చెక్కలు, పైన ఇటుకలు నిలువుగా పేర్చినట్టు.

సున్నంబట్టీ
అయితే మద్రాసు టెర్రస్. ఆ కాలం మంచి భవనాలన్నీ అవే. సన్న దూలాల మీద ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి గానుగ సున్నంతో (గానుగలో నూరిన సున్నం) కడతారు, దాని మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపి దిమ్మిస చేస్తారు. సరిగా చూసుకుంటే వందేళ్ళు దాటి ఉంటుంది. పాడయ్యేది రెండు చోట్ల. ఒకటి, దూలం కొనలు గోడలోకి వెళ్ళే చోట. తేమ అక్కడ చేరి కొన కుళ్ళుతుంది, చెదలు కూడా అక్కడే మొదలు. మధ్యలో దూలం ఇనుములా ఉన్నా కొన పోతే ప్రమాదమే. రెండోది మనవాళ్ళు చేసే వైద్యం. కారుతోందని పైన సిమెంటు పొర వేస్తారు, మళ్ళీ కారితే ఇంకో పొర. బరువు పెరుగుతుంది, నీళ్ళు పొర కింద చిక్కుకుంటాయి. గోడకి కూడా అంతే. సున్నపు గోడ తేమని పీల్చి వదిలేస్తూ ఉంటుంది, దాని మీద సిమెంటు పూస్తే లోపలే ఆగిపోయి ఉప్పు పూస్తుంది, పెచ్చులు ఊడతాయి. బయటి నుంచి చూసినవాడు గోడ అయిపోయింది అంటాడు.

పాత కట్టడాలు తెలిసిన ఇంజనీరుతో దూలం కొనలన్నీ చూపించండి. పోయిన దూలాలు మాత్రం మార్చవచ్చు, మొత్తం కప్పు తీయక్కర్లేదు. పైన చేరిన సిమెంటు పొరలు తీసి, వాలు సరిచేసి, వాన నీటి గొట్టాలు శుభ్రం చేస్తే సగం సమస్య పోతుంది. ఒక మూల కారుతోంది అన్నారు, ఆ మూల గొట్టంలో రావి మొక్క ఉందేమో చూడండి.

కాలువగట్టు
ఉంది! చిన్నది కాదు, చేతి మందం కాండం.

సున్నంబట్టీ
పీకేయకండి. వేళ్ళు గోడలోకి వెళ్ళి ఉంటాయి, పీకితే ఇటుకలు కూడా వస్తాయి. మొదలు దగ్గర కోసి, మిగిలిన మోడుని మళ్ళీ చిగురించకుండా చంపాలి, ఎండాక తీసి సున్నంతో పూడ్చాలి.

గ్రూప్2_సాధన
వెనక బావి పక్కన ఖాళీ స్థలం ఉంది కదా. అక్కడ కింది అంతస్తులోనే చదువుకునేవాళ్ళకి ఒక రేకుల హాలు, రెండు బాత్రూములు కడితే? పాత హాలు పేపర్లకి, పుస్తకాలకి ఉంటుంది. పెద్దవాళ్ళు మెట్లెక్కక్కర్లేదు. మేం గట్టిగా చదివితే వాళ్ళు విసుక్కోవడమూ ఉండదు.

కేటలాగు_కార్డు
ఇదే అర్జీలో రాయండి. భవనం మరమ్మతు, వెనక చదువు హాలు, బాత్రూములు, మూడూ కలిపి. కూల్చొద్దు అని మాత్రమే రాస్తే ఫైలు మూసేస్తారు. ఇది కావాలి అని రాస్తే ఎక్కడో ఒక పద్దులో పెడతారు. జిల్లా సంస్థ కార్యదర్శి గారికి, నకలు పౌర గ్రంథాలయాల డైరెక్టరు గారికి. దస్తావేజు, అప్పగింత తీర్మానం రెండిటి నకళ్ళు జతచేయండి.

బెజవాడ_బాబాయ్
అర్జీతో పాటు ఫలకం ఫోటో కూడా పెట్టండి. మరి పడవ సంగతి రాయొచ్చా ఇప్పుడు?

దస్తావేజులు
అర్జీలో వద్దు. ఊరి చరిత్ర పుస్తకం రాసేటప్పుడు ఒక అధ్యాయం మీకే.

కాలువగట్టు
అర్జీ ఇచ్చాం, రసీదు తీసుకున్నాం. షాపింగ్ కాంప్లెక్స్ అంశం ఈసారి కౌన్సిలు ఎజెండా నుంచి తీసేశారు. రద్దు చేశామని మాత్రం రాసివ్వలేదు, కాబట్టి కాపలా కాస్తూనే ఉంటాం. వానాకాలం లోపల ఆ మూల వరకైనా చందాలతో చేయిద్దామని జిల్లా సంస్థ అనుమతి అడిగాం. నోటిమాటగా సరే అన్నారు, కాగితం రావాలి. గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఎవరైనా ఉన్నారా మన వైపు?

సున్నంబట్టీ
పాత గుళ్ళ మరమ్మతులు చేసేవాళ్ళని అడగాలి. నాకు తెలిసిన ఇద్దరు అమరావతి వైపు ఉన్నారు, వాళ్ళని తీసుకుని నేనే వస్తాను. కాగితం చేతికొచ్చాక కబురు పెట్టండి. శుక్రవారం మాత్రం పెట్టకండి, లైబ్రరీ సెలవు, తాళం తీసేవాళ్ళు ఉండరు.